ఎండ మార్కులు

మంత్రిగారు కారు దిగారు. స్వాగతం చెప్పడానికి వరుసగా నిలబెట్టిన చివరి సంవత్సరం పిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూశారు.

"ఏమయ్యా, వీళ్ళు వ్యవసాయం చదివే పిల్లలా, బ్యాంకులో పనిచేసే పిల్లలా? ఒక్క మొహానికైనా ఎండ తగిలినట్టు లేదే!" అన్నారు. అని, మజ్జిగ తాగి, కారెక్కి వెళ్ళిపోయారు.

గేటు దాటేలోపే ఆయన ఆ మాట మరిచిపోయి ఉంటారు. ప్రిన్సిపాల్ విరూపాక్షయ్యగారు మరిచిపోలేదు. పెద్దవాళ్ళు మరిచిపోయిన మాటల్ని గుర్తుపెట్టుకోవడం వల్లనే ఆయన ఆ కుర్చీదాకా వచ్చారు.

కాలేజీ ఉన్నది రాయలసీమలో. అక్కడ వాన వచ్చినప్పుడు వస్తుంది, లేకపోతే లేదు. ఎండకు మాత్రం ఏనాడూ లోటు లేదు. చివరి సంవత్సరం పిల్లలకు హాస్టలు వెనక తలా ఒక మడి ఇస్తారు. అందులో వేరుశెనగ వేసి, కలుపు తీసి, కాయ పీకి చూపిస్తే మార్కులు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. మంత్రిగారు మజ్జిగ తాగి వెళ్ళిన మర్నాడు ఆ పద్ధతి మారిపోయిందని నోటీసు బోర్డు చెప్పింది.

"ఇందుమూలముగా చివరి సంవత్సరపు విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, క్షేత్రశ్రమ అనునది శరీరముపై తన ముద్ర వేయక మానదు. కావున ఇకపై క్షేత్ర మార్కులు పంటను బట్టి గాక చర్మమును బట్టి నిర్ణయింపబడును. పంట వర్షాధీనము. చర్మము విద్యార్థి అధీనము. ఇందుకై క్షేత్ర సంసర్గ వర్ణ నిర్ధారణ కమిటీ ఏర్పాటు చేయడమైనది."

సుంకులమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే కాబట్టి, నోటీసు బోర్డు మీద ఏది అంటించినా రెండుసార్లు చదవడం ఆమెకు అలవాటు. ఈ ఒక్క ఏడాది గట్టెక్కితే విత్తనాల సంస్థలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. సంస్థవాళ్ళు ఉత్తరం కూడా ఇచ్చేశారు, అన్ని సబ్జెక్టులూ పాసై రమ్మని. క్షేత్ర మార్కుల గురించి ఆమె ఎన్నడూ దిగులు పడలేదు. కలుపు తీయడం నేర్పడానికి ఆమెకు కాలేజీ అక్కర్లేదు.

"ఏముందిమే దీంట్లో భయపడేదానికి? ఎండ మనకు కొత్తా?" అంది పక్కన నిలబడ్డ ప్రణవితో.

ప్రణవి ఆమె రూమ్మేటు. కర్నూలులో డాక్టర్లమ్మాయి. స్కూటీ మీద బయటికి పోవాలంటే మొహానికి చున్నీ చుట్టి, చేతులకు తొడుగులేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, దారి దోపిడీకి పోయేదానిలా తయారయ్యేది. "నీకేం, నువ్వు ఆల్రెడీ పాస్" అని ముక్కు చీదింది ప్రణవి.

అది నిజం కాదని తొలి కొలతల రోజునే తెలిసింది.

కమిటీకి అధ్యక్షుడు మట్టి శాస్త్రం చెప్పే కుళ్ళాయప్ప సారు. మట్టి రంగును పట్టీతో పోల్చి చూసే అలవాటు ఉంది గనుక చర్మం కూడా ఆయన చేతికే వచ్చింది. హాస్టలుకు సున్నం మానేసి రంగులు వేయించినప్పుడు పెయింటు షాపువాడిచ్చిన షేడ్ కార్డు ఒకటి ఆఫీసు బీరువాలో పడి ఉంటే, అదే ప్రామాణికమని కమిటీ తీర్మానించింది. మొదట ఐవరీ డ్రీమ్, తర్వాత గోల్డెన్ బిస్కట్, శాండల్ టచ్, అలా దిగుతూ దిగుతూ అట్టడుగున డార్క్ కాఫీ. ఈ రోజు కొలిచేది ప్రారంభ వర్ణం. కాయ పీకే ముందు కొలిచేది ముగింపు వర్ణం. నాలుగు మెట్లు దిగితే పాసు.

ప్రణవి ముంజేతి పక్కన కార్డు పెట్టి "ఐవరీ డ్రీమ్" అన్నారు సారు. పాత అలవాటు కొద్దీ ప్రణవి మురిసిపోయింది. 

సుంకులమ్మ చెయ్యి చాపింది. సారు కార్డును కిందికి జరిపారు. ఇంకా జరిపారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ జరిపారు.

"డార్క్ కాఫీ."

"నేనెంత దిగాల సార్?"

"నాలుగు మెట్లు."

"దాని కింద మెట్లు ల్యావు కద సార్?"

"అది కార్డు అచ్చువేసినవారి లోపం. కమిటీ లోపం కాదు."

"సార్, నేను నడక నేర్చింది శెనక్కాయ చేన్లో. ఈ ఎండ నాకు అప్పుడుణ్ణించీ ఉండాది."

కుళ్ళాయప్ప సారు పెన్ను కింద పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధన ఒకటి చేతికిస్తే దాన్ని కింద పడకుండా పట్టుకునే రకం. "చూడమ్మా, కాలేజీలో చేరకముందు పొందిన ఎండ మా పరిధిలోకి రాదు. అది వేరే సంస్థలో చదివిన చదువు కిందికి వస్తుంది. దానికి బదిలీ సర్టిఫికెట్ ఉందా?"

"ఎండకా సార్?"

"ఉంటే జతపరుచు. లేదంటే నీ ఎండ మార్కులు సున్నా."

ఎండ మార్కులు! ఆ పేరు అక్కడే పుట్టింది. సాయంత్రానికి కాలేజీ అంతా పాకింది.

మరుసటి రోజు నుంచి పిల్లలు పొలానికి పోవడం మానేశారు. ఎందుకు పోతారు? వంగి కలుపు తీస్తే ఎండ తగిలేది వీపుకూ మెడకూ. సారు చూసేది ముంజెయ్యి. గట్టు మీద వేపచెట్ల నీడ ఒక అడ్డం. హాస్టలు మిద్దె మీదైతే నీడా లేదు, కలుపూ లేదు. మగపిల్లలు మగ హాస్టలు మిద్దెనూ, ఆడపిల్లలు ఆడ హాస్టలు మిద్దెనూ పంచుకుని, ఒళ్ళంతా శెనగనూనె రాసుకుని, వడియాల్లాగా వరుసగా పడుకున్నారు. ఒకవైపు కాలగానే రెండోవైపు తిరగమని గుర్తుచేయడానికి ప్రణవి ఫోనులో అలారం పెట్టింది. అది మోగినప్పుడల్లా మిద్దె మొత్తం ఒక్కసారి దొర్లేది.

గేటు దగ్గర అంగడి మస్తాన్ తెల్లబడే క్రీముల డబ్బాలను వెనక్కి నెట్టి, ముందు వరుసలో శెనగనూనె సీసాలు పేర్చాడు. "ఏమక్కా, ఇన్నేండ్లు తెల్లగ కావల్లని వస్తిరి. ఇప్పుడు నల్లగ కావల్లని వస్తాండారు. ఉండే రంగు ఎవురికీ వద్దా?" అని అడిగాడు ఆడపిల్లల్ని. సాయంత్రానికి సీసాలన్నీ అయిపోయాయి.

మొదట్లో అది మార్కుల కోసమే. నెల తిరిగేసరికి మార్కుల సంగతి వెనకబడింది. మెస్సులో కంచాల పక్కన చేతులు పెట్టి పోల్చుకోవడం మొదలైంది. శాండల్ టచ్ దాటనివాణ్ణి "ఏం రా, ఇంకా అన్నంలో పెరుగేనా?" అని ఏడిపించేవాళ్ళు. బాగా మాడినవాడు చొక్కా చేతులు పైకి మడిచి, అవసరం లేకపోయినా అందరికీ నీళ్ళు వడ్డించేవాడు. రైతులా కనిపిస్తున్నామని మగపిల్లలు ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళ వెనక ఆ ఫొటోల్లో కనబడే మడుల్లో గరిక మోకాలెత్తు పెరిగింది. దాన్ని ఎవరూ చూడలేదు.

కమిటీకి కొత్త చిక్కులు వచ్చాయి. ఒకడు ముంజెయ్యి మీద రెండో అరచెయ్యి వేసుకుని నిద్రపోయాడు. ముంజేతి మీద తెల్లగా అయిదు వేళ్ళు అచ్చుపడ్డాయి. వేళ్ళ రంగునూ చేతి రంగునూ కలిపి సగటు తీయాలని కమిటీ రెండు పూటలు చర్చించి తీర్మానించింది. ప్రణవికి నాలుగు మెట్లు దిగిన చర్మం కాస్తా పొట్టు లేచి రాలిపోయి, అడుగున మళ్ళీ ఐవరీ డ్రీమ్ బయటపడింది. ఆ రాలిన పొట్టును కవర్లో వేసి తెచ్చి "సార్, ఇవి నా మార్కులు" అని ఏడ్చింది.

"శరీరము నుండి విడివడిన వర్ణము చెల్లదు" అన్నారు సారు బాధగా.

సుంకులమ్మ ఇవన్నీ చూస్తూ తన మడికి తాను పోతూనే ఉంది. కానీ సున్నా సున్నాలాగే ఉంది. విత్తనాల సంస్థ ఉత్తరం ట్రంకుపెట్టెలో ఉంది. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి కుళ్ళాయప్ప సారు గదికి పోయింది.

"సార్, నా రంగుకు ఏదన్నా దారి చెప్పండి. ఉద్యోగం పోతుంది."

సారు నిబంధనల కాగితం తీసి వెనకా ముందూ తిప్పారు. ఆయన మొహం వెలిగింది. "ఉంది. ప్రారంభ వర్ణ పునఃపరిశీలన! ఇప్పటినుంచి నెలలోపు నీ వర్ణం మారితే, మారిన వర్ణాన్నే ప్రారంభంగా రాసుకోవచ్చు."

"అంటే?"

"ముందు తెల్లబడు. తర్వాత నల్లబడు. నిబంధన రెండోదాన్ని కోరుతోంది. మొదటిదాన్ని ఎక్కడా నిషేధించలేదు."

అలా ఆ కాలేజీ మొత్తంలో తెల్లబడే క్రీము కొన్నది సుంకులమ్మ ఒక్కతే అయింది. మస్తాన్ దుమ్ము దులిపి డబ్బాలన్నీ ముందు పెట్టాడు. "అక్కా, నువ్వు నా పాలిటి దేవతవు. ఇవి ఎలుకలు కూడా తినకపాయ" అన్నాడు.

అప్పటినుంచి ఆమె పగలు గది దాటలేదు. కిటికీకి దుప్పటి కట్టింది. మొహానికీ చేతులకూ తెల్లగా పూసుకుని మంచం మీద కూర్చుంది. పైన మిద్దె మీద అలారం మోగడం, మిద్దె దొర్లడం వినిపించేది. దుప్పటి సందులోంచి చూస్తే తన మడి కనిపించేది. వేరుశెనగ చెట్టు పూత పూసి ఊడలు దింపే సమయం. అప్పుడు కలుపు తీసి మన్ను గుల్ల చేయకపోతే ఊడ నేలలోకి దిగదు, కాయ కట్టదు. కొలిమిలో చేతులు పెట్టి కూర్చున్నట్టుండేది ఆమెకు. చేతులకేమో క్రీము.

ఫోనులో ఆమె గొంతు తేడాగా ఉందని తల్లి ఎర్రక్క మూడో వారంలో బస్సెక్కి వచ్చేసింది. చేలోంచి నేరుగా బస్టాపుకు వచ్చిందేమో, చీర మీద మొగుడి ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువ్వాలు అలాగే ఉన్నాయి. సీమలో కూలికి పోయే ఆడవాళ్ళందరిదీ అదే ఉడుపు. ఎండ తగలకుండా, ఆకు గీరకుండా. సుంకులమ్మ నాయన చొక్కాలన్నీ ఆలికీ బిడ్డకూ పోవడంతో పాపం ఆయన వట్టి బనీనుతో సేద్యం చేసి చేసి డార్క్ కాఫీ అయ్యాడు. సుంకులమ్మకు ఆయన పోలికే.

ఎర్రక్క గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమ్మే, చీకట్లో కూచోని ఏం చేస్తాండావు? మొగానికి ఆ సున్నమేంది?"

"తెల్లగయితాండామ్మా."

"ఎందుకు?"

"నల్లగయ్యేదానికి."

"నువ్వు నల్లగనే ఉండావు కదే?"

"అదే తప్పంట."

ఎర్రక్క మంచం మీద కూలబడింది. కూతురు కథంతా చెప్పింది. కార్డు, మెట్లు, మిద్దె, పొట్టు కవరు, అన్నీ. ఎర్రక్కకు సగం అర్థమైంది. అర్థమైన సగమూ నమ్మకం కలగలేదు. చివరికి ఆమె పట్టుకున్నది ఒక్కటే.

"అయితే ఎండకు బోయినోళ్ళకు మార్కులా? నేను ఈ రంగు కాపాడుకునేకి ఎంత కష్టపడినానో నీకు తెల్సా? పెండ్లయి వచ్చినప్పుడు ఎంతుంటినో ఇప్పుడూ అంతే ఉండా. ఈ సొక్కా లేకుండ ఒక్కనాడన్నా చేన్లోకి దిగినానా? మీ నాయన ఆఖరికి పెండ్లి సొక్కా గూడా ఇచ్చేసినాడు!" చెయ్యి పైకి మడిచి చూపించింది. నిజమే. గోధుమ పిండిలా ఉంది ముంజెయ్యి. "ఎర్రక్క అని పేరు పెట్టినోళ్ళ మాట నిలబెట్టల్ల కదా!"

తర్వాత కిటికీ దుప్పటి తొలగించి బయటికి చూసింది. "ఆ గరికలో ఉండేది నీ మడేనా? థూ, నా కడుపున పుట్టినావా నువ్వు!" అని, తువ్వాలు కళ్ళదాకా బిగించి, కలుపు తీసే వారపట్టు వెతుక్కుని కిందికి పోయింది. ఆ రోజు సాయంత్రం పోతానన్న మనిషి కలుపు అయ్యేదాకా పోనంది. కలుపు అయ్యాక, నీళ్ళు పెట్టేదాకా పోనంది. వార్డెనమ్మకు ఆమె పనిమనిషో, పాలమనిషో తెలియలేదు గానీ, పొద్దున్నే హాస్టలు వాకిలి కూడా ఊడుస్తోంది కాబట్టి ఏమీ అడగలేదు.

ముగింపు కొలతల రోజు రానే వచ్చింది. ఇంత గొప్ప సంస్కరణను చూడడానికి రాజధాని నుంచి పరిశీలనాధికారిణి ఒకామె వచ్చారు. విరూపాక్షయ్యగారు తెల్లటి ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతూ ఆమెను నేరుగా మిద్దె మీదికి తీసుకుపోయారు. రెండు మిద్దెల పిల్లలూ నూనెతో నిగనిగలాడుతూ నిలబడి ఉన్నారు.

"చూడండి మేడం. క్షేత్రానుభవం వీరి అణువణువునా జీర్ణించుకుపోయింది."

"బాగుంది. ఆ క్షేత్రం ఏదీ?" అన్నారు మేడం.

అందరూ కిందికి దిగారు. హాస్టలు వెనక మడులన్నీ ఎండి, పసుపు పచ్చగా వాలిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం పచ్చగా, నేల కనబడకుండా గుబురుగా ఉంది. అందులో చొక్కా తొడుక్కుని, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా తువ్వాలు కట్టిన మనిషి ఒకరు వంగి ఉన్నారు.

"ఆ మడి ఎవరిది?"

కుళ్ళాయప్ప సారు జాబితా చూశారు. "సుంకులమ్మ అనే విద్యార్థినిది మేడం."

"అదిగో, ఆ విద్యార్థినే మేడం" అన్నారు విరూపాక్షయ్యగారు ఊపిరి పీల్చుకుని. "కుళ్ళాయప్పా, కొలవండి!"

వరుసలో చివర, క్రీము సగమే పనిచేసి, సగం తెలుపూ సగం నలుపూ మొహంతో నిలబడ్డ సుంకులమ్మ ఒకడుగు ముందుకేసింది. "సార్, ఆమె..." అంది.

"కొలతల సమయంలో నిశ్శబ్దం!"

సారు గట్టు దిగి ఆ మనిషిని నిలబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచారు. కార్డు పెట్టారు. ఈసారి కిందికి జరపాల్సిన పని లేకపోయింది. రెండో గడిలోనే ఆగింది.

"గోల్డెన్ బిస్కట్" అన్నారు. కమిటీ తీర్పు చెప్పేటప్పుడు వాడే గొంతు తెచ్చుకున్నారు. "ఈ చేతికి పొలముతో ఎటువంటి సంసర్గమూ లేదని కమిటీ నిర్ధారిస్తున్నది. సున్నా."

"మడి ఎవరితోనో చేయించి ఉంటుంది మేడం" అన్నారు విరూపాక్షయ్యగారు. "పచ్చగా ఉండటమే అందుకు నిదర్శనం."

ఎర్రక్క తువ్వాలు కిందికి లాగింది. "ఏమంటాండాడే ఆ సారు?" అని గట్టు మీది కూతుర్ని కేకేసింది.

సుంకులమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఉద్యోగం ఎటూ పోయింది, ఇంక భయమెందుకు అనుకుంది. "నువ్వు జన్మలో పొలం మొగమే చూడలేదంటమ్మా. అంత రంగు ఉండావంట!"

ఎర్రక్క మొహం విప్పారిపోయింది. "నిజంగానా? దేవుడా! ఇంగొక్కసారి చెప్పమను. మా వీధిలో నరసమ్మ లేకపాయనే, ఆమె ఈ మాట ఇనల్ల! సారూ, ఆ అట్ట నాకు ఇస్తావా? ఊళ్ళో చూపించి మళ్ళ పంపిస్తా."

మేడం సుంకులమ్మను పిలిచి ఎవరు ఎవరో తెలుసుకున్నారు. ఎర్రక్క ముంజేతిని చూశారు. నూనె కారుతున్న పిల్లల్ని చూశారు. ఎండిన మడుల్నీ, పచ్చటి మడినీ చూశారు.

"అయితే, పొలంలో పనిచేసేవాళ్ళు చొక్కా తొడుక్కుంటారన్నమాట" అన్నారు మేడం. అని, మజ్జిగ తాగి, కారెక్కి వెళ్ళిపోయారు.

విరూపాక్షయ్యగారు ఆ మాట మరిచిపోలేదు.

మర్నాడు నోటీసు బోర్డు చుట్టూ జనం మూగారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, చర్మము మోసపూరితము. నిజమైన క్షేత్రశ్రమ చొక్కాపై తన ముద్ర వేయును. కావున ఈ ఏటి క్షేత్ర మార్కులు చొక్కా వెలిసిన మేరను బట్టి, అదే కార్డుతో, అదే కమిటీచే నిర్ణయింపబడును. చర్మమునకు దిగుట ఎట్లో, చొక్కాకు ఎక్కుట అట్లు."

సుంకులమ్మ రెండుసార్లు చదివింది. గదికి పరుగెత్తి, ట్రంకుపెట్టెలోంచి తాను పొలానికి వేసుకునే చొక్కా తీసుకుని కమిటీ ముందుకు పోయింది. అది నాయన పెండ్లి చొక్కా. కుళ్ళాయప్ప సారు జేబు లోపలికి వేలు పెట్టి గుడ్డను బయటికి తిప్పారు. లోపల చిక్కటి కాఫీ రంగు. బయట, భుజాల మీద, ఐవరీ డ్రీమ్.

సారు కార్డు అడుగు నుంచి పై దాకా జరిపారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ జరిపారు. "ఇన్ని మెట్లు నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. అంతలోనే అనుమానం వచ్చి విరూపాక్షయ్యగారి వైపు తిరిగారు. "కానీ సార్, ఇందులో కొంత ఎండ కాలేజీలో చేరకముందుది..."

విరూపాక్షయ్యగారు నిబంధన చదివి, తల అడ్డంగా ఊపారు. "చొక్కాలకు బదిలీ సర్టిఫికెట్ అడగమని ఎక్కడా లేదు."

నూటికి నూరు. సుంకులమ్మ ఆ మార్కుల కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మిగిలిన క్రీము డబ్బాలను మస్తాన్‌కు తిరిగి ఇచ్చేసింది. వాడు వద్దన్నా ఇచ్చింది. 

కాయ పీకడానికి ఎర్రక్క ఉండిపోయింది. తల్లీ కూతురూ చొక్కాలు తొడుక్కుని, చెట్టు పట్టి లాగి, మన్ను దులిపి కుప్ప వేస్తున్నారు. కాయ గుత్తులు గుత్తులుగా ఉంది. పైన మిద్దె మీద పిల్లలు కొత్త చొక్కాలకు బ్లీచింగు పౌడరు పట్టించి, వరుసగా ఆరేసి, అలారం మోగినప్పుడల్లా తిరగేస్తున్నారు. ప్రణవి ఒకసారి కిందికి వంగి, "ఆంటీ, మీ ఊళ్ళో పాత చొక్కాలు ఏమన్నా దొరుకుతాయా?" అని అరిచింది.

ఎర్రక్క వరండా వైపు చూస్తోంది. అక్కడ విరూపాక్షయ్యగారు నీడలో కుర్చీ వేసుకుని మజ్జిగ తాగుతున్నారు. ఒంటి మీద చొక్కా తళతళలాడుతోంది, రంగన్నది మచ్చుకైనా లేకుండా.

"ఏమ్మే," అంది ఎర్రక్క జాలిగా, "మీ పెద్దసారు సొక్కా ఎంత తెల్లగయిపోయిందో చూడు. ఏ చేన్లో సచ్చేంత కష్టం చేసినాడో పాపం. ఆయప్పకు కూడా రెండు దోసిళ్ళు కాయలు ఇచ్చిరాపో."